వీపు మీది సెగగడ్డ: పేరు, కోత, కోడ్

వీపు మధ్యలో నిమ్మకాయంత గడ్డ లేచింది. ఎర్రగా ఉంది, వేడిగా ఉంది, చొక్కా తగిలినా ప్రాణం పోతోంది. ఈ ఒక్క గడ్డకే ఒక డాక్టరు ‘బాయిల్’ అని చీటీ రాస్తారు. ఇంకొకరు ‘అబ్సెస్’ అంటారు. సర్జన్‌గారికి అది ‘కార్బంకుల్’లా కనిపిస్తుంది, చర్మవైద్యులు ‘ఇన్‌ఫెక్టెడ్ సిస్ట్’ అనొచ్చు. రోగికి ఈ తేడాలు పట్టవు, చీము పోయి నొప్పి తగ్గితే చాలు. అమెరికా ఆస్పత్రుల కేసు షీట్లను హైదరాబాద్‌లో కూర్చుని చదివే మెడికల్ కోడరుకు మాత్రం అవి నాలుగు వేరు వేరు దారులు. బాయిల్ అయితే ఎల్02.222, అబ్సెస్ అయితే ఎల్02.212, కార్బంకుల్ అయితే ఎల్02.232. సిస్ట్ అంటే వరుసే మారి ఎల్72లోకి వెళ్లాలి.

మొండెం మీద, అంటే వీపు, ఛాతీ, పొట్ట, బొడ్డు, గజ్జల్లో వచ్చే చీముగడ్డల గురించి మూడు వాదాలు ఎవరి దారిన అవి నడుస్తున్నాయి. అది ఏ గడ్డ అన్నది రోగనిర్ధారణ చేసేవాళ్ల గొడవ. కోత చాలా, మాత్రలు కూడా కావాలా అన్నది చికిత్స చేసేవాళ్ల గొడవ. ఏ మాటకు ఏ కోడ్ అన్నది కోడర్ల గొడవ. మూడింటినీ పక్కపక్కన పెడితే ఒక వింత బయటపడుతుంది. చికిత్సను తేల్చే సంగతులు, అంటే గడ్డ కొలత, లోతు, చుట్టూ పాకిన ఎరుపు, గడ్డ కోడ్‌లో లేవు. కోడ్ పట్టుబట్టి అడిగే పేరుకేమో వైద్యుల మధ్యనే గట్టి గీత లేదు.

పండిందా, పచ్చిగా ఉందా?

ఈ చర్చ ఆధునిక వైద్యంతో మొదలైంది కాదు. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో ‘ఆమపక్వైషణీయం’ అనే అధ్యాయం మొత్తం దీనికే కేటాయించారు. వాపుకు ఆమం, పచ్యమానం, పక్వం అని మూడు దశలు చెప్పి, పక్వానికి గుర్తులు కూడా ఇచ్చారు: నొప్పి సద్దుమణుగుతుంది, చర్మం ముడతలు పడుతుంది, ఒకవైపు నొక్కితే లోపలి చీము రెండోవైపుకు కదులుతుంది. పచ్చిగడ్డను కోసేవాణ్నీ, పండినదాన్ని ఉపేక్షించేవాణ్నీ సుశ్రుతుడు ఒకే గాటన కట్టి తిట్టాడు. లోతైన గడ్డల విషయంలో పైలక్షణాలు చూసి మోసపోవద్దన్న హెచ్చరికా ఉంది. ప్రమేహ రోగులకు వచ్చే గడ్డల్ని చరకుడు 7 రకాలుగా, సుశ్రుతుడు 10 రకాలుగా లెక్కపెట్టారు. మధుమేహానికీ గడ్డలకూ ఉన్న చుట్టరికం అంత పాతది.

సూక్ష్మజీవి కథ 1880లో మొదలవుతుంది. ఆ ఏడాది పారిస్‌లో పాశ్చర్ సెగగడ్డ చీములో సూక్ష్మజీవిని చూపించాడు. అదే ఏడాది స్కాట్లాండ్‌లోని ఆబర్డీన్ సర్జన్ అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ చీముగడ్డల్లో గుత్తులు గుత్తులుగా ఉన్న కణాలను వర్ణించి, 1882లో వాటికి స్టెఫిలోకాకస్ అని పేరుపెట్టాడు. అందులో బంగారు రంగుదాన్ని ‘ఆరియస్’గా 1884లో వేరుచేసినవాడు జర్మన్ సర్జన్ రోజెన్‌బాక్. అప్పటిదాకా గడ్డ అంటే రక్తదోషం, లేదా వేడి.

మన ఇళ్లలో ‘వేడి చేసింది’ అన్న మాట ఇప్పటికీ బతికే ఉంది. ఎండాకాలం మామిడిపళ్లు తింటే సెగగడ్డలు లేస్తాయన్న నమ్మకం అందులో భాగం. మామిడి సొన తగిలితే చర్మం కమిలి పుండ్లు పడటం నిజమే. పండు తినడానికీ వీపు మీద చీముగడ్డకూ ముడిపెట్టే గట్టి ఆధారం మాత్రం లేదు. వేసవిలో చెమట, బిగుతు బట్టల ఒరిపిడి, చెమటకాయల్ని గోకడం వెంట్రుక కుదుళ్లలోకి బ్యాక్టీరియాకు దారి చూపిస్తాయి. అంటే ఇంటి మాటలో కాలం సరిగ్గానే పట్టుకున్నారు, కారణాన్నే పండు మీదికి నెట్టారు.

ఏది సెగగడ్డ, ఏది కాదు

పాఠ్యపుస్తకం ప్రకారం లెక్క సులువే. ఒక్క వెంట్రుక కుదురు చీముపట్టి చుట్టుపక్కలకు పాకితే ఫ్యూరంకుల్, అంటే సెగగడ్డ. పక్కపక్క కుదుళ్లు కొన్ని చర్మం అడుగున కలిసిపోయి, పైన జల్లెడలా అనేక చోట్ల చీము కారితే కార్బంకుల్. పాతకాలపు తెలుగులో రాచకురుపు అన్నది చాలాసార్లు దీన్నే. మెడ వెనక, వీపు మీద చర్మం మందం. అడుగున గట్టి పీచుపొరలు అడ్డుగోడల్లా ఉండటంతో చీము పైకి రాలేక పక్కలకు పాకుతుంది. అందుకే కార్బంకుళ్లకు ఆ చోట్లంటే ఇష్టం. కుదురుతో నిమిత్తం లేకుండా చర్మంలో, దాని కింది కొవ్వులో ఏర్పడిన చీము సంచి అబ్సెస్.

ఆచరణలోకి వచ్చేసరికి ఈ గీతలు చెరిగిపోతాయి. నాలుగు రోజులు ముదిరిన సెగగడ్డ అబ్సెస్సే అవుతుంది. అది కుదురులోంచి పుట్టిందో లేదో అప్పటికి చెప్పేవాళ్లు ఉండరు.

నిర్ధారణలో అసలు ప్రమాదం ఈ ముగ్గురు అన్నదమ్ముల మధ్య పొరబడటం కాదు, వేషం వేసుకొచ్చిన పరాయివాళ్లను గుర్తుపట్టకపోవడం. ఛాతీ మీద ఎరుపూ వేడీ లేకుండా మెత్తగా ఉబ్బిన గడ్డ టీబీ వల్ల వచ్చిన ‘కోల్డ్ అబ్సెస్’ కావచ్చు. దాన్ని మామూలు గడ్డలా కోసి వదిలేస్తే పుండు మానకుండా కారుతూనే ఉంటుంది. పక్కటెముకల మధ్య ఉబ్బు ఊపిరితిత్తి చుట్టూ పట్టిన చీము బయటికి తోసుకురావడమూ కావచ్చు. గజ్జల్లో గడ్డ మీద చెయ్యి పెట్టినప్పుడు నాడిలా కొట్టుకుంటుంటే అది రక్తనాళపు ఉబ్బు, కత్తి పెడితే ప్రాణాంతకం. బొడ్డు దగ్గర మాటిమాటికీ చీము పడుతుంటే పుట్టుకతో మిగిలిపోయిన నాళాలను వెతకాలి. వరి మళ్లలో పనిచేసే మధుమేహ రోగికి జ్వరంతో పాటు గడ్డలు వస్తే మెలియాయిడోసిస్ అనుమానించాలి. మామూలుగా సెగగడ్డలకు రాసే మాత్రలకు అది లొంగదు.

మాటిమాటికీ మోసం చేసేది హైడ్రాడెనైటిస్ సప్పురేటివా. చంకల్లో, రొమ్ముల కింద, గజ్జల్లో గడ్డలు లేచి, పగిలి, మచ్చలు కట్టి, చర్మం కింద సొరంగాలు చేసి, మళ్లీ లేస్తాయి. ఇది అంటువ్యాధి కాదు, శరీరం లోపలి వాపు జబ్బు. సెగగడ్డలే అనుకుని ఏళ్ల తరబడి కోతలూ యాంటిబయాటిక్‌లతో గడిపే రోగులు కొల్లలు. కార్ల్ మార్క్స్‌ను జీవితాంతం వేధించిన గడ్డల గురించి ఆయన ఉత్తరాల్లో ఉంది. బ్రిటిష్ చర్మవైద్య నిపుణుడు శామ్ షుస్టర్ వాటిని చదివి, అవి సెగగడ్డలు కావు, హైడ్రాడెనైటిస్ అని 2007లో వాదించారు. నూరేళ్లు దాటాక చేసిన నిర్ధారణను ఎంతవరకు నమ్మాలన్నది వేరే మాట. గడ్డలు ఎక్కడ వచ్చాయి, ఎన్నాళ్లు వచ్చాయి అన్న రెండు ప్రశ్నలతోనే అనుమానం అటు మళ్లిందన్నది ఇక్కడ పనికొచ్చే సంగతి.

సుశ్రుతుడు భయపడిన లోతు గడ్డలకు ఇవాళ అల్ట్రాసౌండ్ ఉంది. చర్మం మీద ప్రోబ్ పెట్టి మెల్లగా నొక్కితే తెర మీద చీము సుడి తిరుగుతుంది. సుడి కనిపిస్తే కోత, లేకపోతే అది సెల్యులైటిస్, అంటే చీము కట్టని చర్మపు వాపు, అనుకుని మాత్రలు. ఇక గడ్డతో వచ్చిన నడివయసు మనిషికి రక్తంలో షుగర్ చూడకుండా పంపేయడం మన దగ్గర క్షమించరాని పొరపాటు. మధుమేహం ఉందన్న కబురును తొలిసారి మోసుకొచ్చేది చాలామందికి ఈ గడ్డే.

కోత ఒక్కటే చాలా?

పండిన గడ్డకు కోతే మందు. ఇందులో రెండు పక్షాలు లేవు. తిమ్మిరి ఇంజెక్షన్ ఇస్తారు, చీము ఆమ్లత్వం వల్ల అది సరిగా పట్టదు కాబట్టి గడ్డ చుట్టూ వలయంలా ఇస్తారు. చర్మపు ముడతల వెంట కోసి, చీము దిగాక లోపలి అరలను ఆర్టరీ ఫోర్సెప్స్‌తో విడగొట్టి, సెలైన్‌తో కడుగుతారు. అరలు విడగొట్టని కోత సగం కోతే. సూదితో లాగేస్తే పోదా అనేవాళ్లకు 2011లో గాస్పరీ బృందం ప్రచురించిన ప్రయోగం జవాబిచ్చింది. అల్ట్రాసౌండ్ చూస్తూ సూదితో లాగినవాళ్లలో 26 శాతమే బాగుపడ్డారు, కోసినవాళ్లలో 80 శాతం.

కోశాక లోపల గుడ్డ కుక్కాలా అన్నది చిన్న తగాదాలా కనిపిస్తుంది కానీ రోగికి అదే పెద్దది. రోజూ ఆ గాజ్ గుడ్డను లాగి కొత్తది కుక్కుతుంటే పడే బాధ కోతకన్నా ఎక్కువ. 2009లో 48 మందితో చేసిన చిన్న ప్రయోగంలో కుక్కినందువల్ల లాభం కనిపించలేదు, నొప్పి మాత్రం పెరిగింది. అమెరికా అంటువ్యాధి నిపుణుల సంఘం 2014 మార్గదర్శకాలు పొడి గుడ్డతో కప్పితే సరిపోతుందన్న వైపే మొగ్గాయి. పిల్లల సర్జన్లు కొందరు రెండు చిన్న గాట్లు పెట్టి, మధ్యలోంచి సన్నని రబ్బరు తాడును ఉంగరంలా కట్టి వదిలేస్తున్నారు. అయినా మన మైనర్ ఆపరేషన్ గదుల్లో బెటడిన్ గుడ్డ కుక్కే అలవాటు అంత తొందరగా పోయేలా లేదు. పెద్ద గడ్డల విషయంలో కుక్కడం తప్పని తేల్చడానికి 48 మంది చాలరు కూడా.

యాంటిబయాటిక్ దగ్గర అభిప్రాయం నిజంగానే తిరగబడింది. చిన్న గడ్డకు కోత చాలు, మాత్ర వృథా అన్నది చాలాకాలం చెప్పిన పాఠం. ఈలోగా బ్యాక్టీరియా మారింది. మెథిసిలిన్ అనే యాంటిబయాటిక్ వాడుకలోకి వచ్చిన కొద్దికాలానికే 1961లో బ్రిటన్‌లో దానికి లొంగని స్టెఫ్, అంటే ఎంఆర్‌ఎస్‌ఏ, కనిపించింది. అది ఆస్పత్రి గోడలు దాటి ఊళ్లోకి వచ్చాక అమెరికాలో సాలీడు కుట్టిందంటూ వచ్చే రోగులు ఎక్కువయ్యారు, తీరా చూస్తే ఎంఆర్‌ఎస్‌ఏ గడ్డలు. 2004లో 11 నగరాల ఎమర్జెన్సీ గదుల్లో చర్మపు ఇన్‌ఫెక్షన్లను పరీక్షిస్తే 59 శాతంలో అదే దొరికింది.

ఈ నేపథ్యంలో వచ్చిన రెండు పెద్ద ప్రయోగాలు చర్చను మార్చాయి. 2016లో టేలన్ బృందం 2 సెంటీమీటర్లు, అంతకు పైబడిన గడ్డల్ని కోశాక కొందరికి కో-ట్రైమాక్సజోల్, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చింది. బాగుపడినవాళ్లు 80.5 శాతం, 73.6 శాతం. 2017లో డామ్ బృందం 5 సెంటీమీటర్లకు మించని గడ్డల మీద చేసిన ప్రయోగంలో క్లిండమైసిన్‌తో 83.1, కో-ట్రైమాక్సజోల్‌తో 81.7, ఉత్తుత్తి మాత్రతో 68.9 శాతం. నెల తిరిగేలోపు కొత్త ఇన్‌ఫెక్షన్ వచ్చినవాళ్లు క్లిండమైసిన్ తీసుకున్నవాళ్లలో 6.8 శాతం, మిగతా రెండు గుంపుల్లో 12, 13 శాతం దాకా. అయితే క్లిండమైసిన్‌కే విరేచనాల్లాంటి ఇబ్బందులు ఎక్కువ: 21.9 శాతం.

మాత్ర పక్షం ఈ అంకెల్లో నూటికి ఏడుగురు, పద్నాలుగురు అదనంగా బాగుపడటాన్ని చూస్తుంది. కోత పక్షం అవే అంకెల్లో, మాత్ర లేకుండానే నూటికి డెబ్బైమంది దాకా మానిపోవడాన్ని చూస్తుంది. రెండూ నిజమే. 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సత్వర సిఫారసు మాత్ర ఇవ్వొచ్చంటూనే ఆ సిఫారసు బలహీనమైందని, రోగితో మాట్లాడి తేల్చుకోమని చెప్పింది. జ్వరం, మధుమేహం, చుట్టూ బాగా పాకిన ఎరుపు, కార్బంకుల్, పసిపిల్లలు, ముసలివాళ్లు అయితే మాత్ర ఇవ్వాలన్నదాంట్లో పెద్దగా తగాదా లేదు.

మన దగ్గరికి ఈ అంకెల్ని యథాతథంగా దించుకోవడం కష్టం. భారత వైద్య పరిశోధన మండలి నిఘా నివేదికల ప్రకారం ఆస్పత్రి నమూనాల్లోని స్టెఫ్‌లో ఎంఆర్‌ఎస్‌ఏ వాటా 2021 నాటికి 40 శాతం దాటింది. కానీ అవి ఆస్పత్రికి చేరిన నమూనాలు. ఊళ్లో ఆర్ఎంపీ కోసిన గడ్డ చీము ల్యాబ్ దాకా రాదు. మందుల షాపులో అడగ్గానే దొరికే మూడు రోజుల అమాక్సిసిలిన్ పాక్షికంగానైనా పనిచేస్తుందన్న భ్రమ ఇంకో అడ్డు. సెగగడ్డల స్టెఫ్‌లో ఎక్కువ భాగం పెన్సిలిన్ జాతిని చీల్చే ఎంజైమ్ తయారుచేస్తుంది, ఒంటరి అమాక్సిసిలిన్ దాని ముందు నిలవదు.

ఇంట్లో వేసే పట్ల సంగతి క్లుప్తంగా. గోరువెచ్చని నీటి గుడ్డతో రోజుకు మూడు నాలుగు సార్లు కాపడం పెడితే చిన్న సెగగడ్డ తనంతట పగిలి మానుతుంది. దీన్ని అన్ని పక్షాలూ ఒప్పుకుంటాయి. తమలపాకుకు ఆముదం రాసి వెచ్చచేసి వేసే పట్టు చేసే మేలు చాలావరకు ఆ వెచ్చదనానిదే. పిండటం మాత్రం ఎవరూ ఒప్పుకోరు.

మళ్లీ వచ్చేవాళ్ల కథ

ఒక గడ్డ మానడం ఒక ఎత్తు, ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి రావడం ఇంకో ఎత్తు. స్టెఫ్ ముక్కులో, చంకల్లో, గజ్జల్లో కాపురం పెడుతుంది. ముక్కులో రోజుకు రెండుసార్లు మ్యూపిరోసిన్, క్లోర్‌హెక్సిడిన్‌తో స్నానం, తువ్వాళ్లు, దుప్పట్లు రోజూ ఉతకడం, ఇలా 5 రోజులు చెయ్యమని 2014 మార్గదర్శకాలు సూచిస్తాయి. ఎవరికి చెయ్యాలన్నదే చిక్కు. 2012లో పిల్లల మీద వచ్చిన అధ్యయనంలో గడ్డ వచ్చిన పిల్లాడికొక్కడికే చేస్తే ఏడాదిలో 72 శాతం మందికి గడ్డలు మళ్లీ వచ్చాయి, ఇంటిల్లిపాదికీ చేస్తే 52 శాతానికి తగ్గాయి. తగ్గాక కూడా సగం మందికి వచ్చాయంటే ఈ పద్ధతి బలమెంతో, బలహీనత ఎంతో ఒకే అంకెలో తెలుస్తోంది.

కోడ్ పుస్తకంలో మొండెం

రోగాల కోడ్ పుస్తకం పేరు ఐసీడీ. పాత ఐసీడీ-9లో మొండెం మీది సెగగడ్డకూ కార్బంకుల్‌కూ కలిపి 680.2, అబ్సెస్‌కూ సెల్యులైటిస్‌కూ కలిపి 682.2. అమెరికా 2015 అక్టోబరు 1న ఐసీడీ-10-సీఎంకు మారగానే ఈ రెండు మూటలూ విప్పేశారు. ఎల్02.21 అబ్సెస్, ఎల్02.22 సెగగడ్డ, ఎల్02.23 కార్బంకుల్. చివరి అంకె చోటు చెబుతుంది: 1 పొట్ట గోడ, 2 వీపు, 3 ఛాతీ గోడ, 4 గజ్జ, 5 మూత్ర మల ద్వారాల మధ్యభాగం, 6 బొడ్డు, 9 ఎక్కడో రాయనిది. సెల్యులైటిస్ విడిపోయి ఎల్03కి వెళ్లింది. డాక్టరు రెండూ ఉన్నాయని రాస్తే రెండు కోడ్లూ వెయ్యాలి.

మొండెం హద్దులు కూడా పుస్తకం ఇష్టమే. చంక మొండెంలోకి రాదు, కాళ్లు చేతుల కింద ఎల్02.4లో ఉంటుంది. రొమ్ము అబ్సెస్ చర్మం అధ్యాయంలోనే లేదు, ఎన్61.1కి వెళ్లాలి. పిరుదు తమాషా మరీనూ: సెల్యులైటిస్ అయితే మొండెంలో భాగం, ఎల్03.317. అదే పిరుదు మీద గడ్డ లేస్తే మొండెంతో సంబంధం తెగిపోయి విడిగా ఎల్02.3 అవుతుంది.

హైదరాబాద్ అమీర్‌పేటలోని కోడింగ్ శిక్షణ కేంద్రాల్లో కొత్తవాళ్లను తడబెట్టే నోటు ఇలా ఉంటుందనుకుందాం: ‘ఎగువ వీపు మీద బాయిల్, 4 సెంటీమీటర్లు, కోసి చీము తీశాం, కల్చర్ పంపాం, ఎంఆర్‌ఎస్‌ఏ అనుమానం, టైప్ 2 మధుమేహం ఉంది.’ బాయిల్ అన్నారు కాబట్టి ఎల్02.222. ఎంఆర్‌ఎస్‌ఏకి బీ95.62 వెయ్యకూడదు, ఎందుకంటే ఔట్‌పేషెంట్ నోటులో అనుమానానికి కోడ్ లేదు, రిపోర్టు రావాలి. షుగర్ వల్లే గడ్డ అని డాక్టరు రాయనిదే కోడరు తనంతట ముడిపెట్టరాదు. కోతకు చికిత్సల కోడ్ పుస్తకమైన సీపీటీలో 10060, క్లిష్టమైనదో, ఒకటికి మించినవో అయితే 10061. ఏది సాదా, ఏది క్లిష్టం అన్నదానికి పుస్తకంలో కొలబద్ద లేదు, డాక్టరు రాతే ప్రమాణం. బీమా కంపెనీలతో పేచీలు పుట్టే చోటు ఇదే. గడ్డ తనంతట పగిలి కారితే, నొక్కి చీము తీస్తే కోత కోడ్ చెల్లదు. సూదితో లాగితే 10160.

ఆ నోటులోని 4 సెంటీమీటర్లు ఏ కోడ్‌లోనూ చేరలేదు. పెద్ద ప్రయోగాలు రోగుల్ని చేర్చుకున్నది ఆ కొలత చూసే. ఇక బాయిల్, కార్బంకుల్, సిస్ట్, హైడ్రాడెనైటిస్ అని రోగాల పుస్తకం పట్టుబట్టి విడదీసినవాటిని 10060 వర్ణనలో ఒకే వాక్యంలో కలిపేశారు. పక్కపక్క బల్లల మీద ఉండే రెండు పుస్తకాలు ఒకే గడ్డను ఇంత భిన్నంగా చూస్తున్నాయి.

చోటు అడగడం వృథా అనలేం. గజ్జ, బొడ్డు, ఛాతీ అన్న మాటలు డాక్టరును ఆగి ఆలోచించేలా చేస్తాయి. వీపునూ పొట్టనూ విడదీయడం వల్ల చికిత్సకు ఒరిగేది మాత్రం తక్కువ. దానికన్నా సెగగడ్డ, అబ్సెస్ అనే విభజన బలహీనం. ఒకే డాక్టరు రోగనిర్ధారణ గడిలో ‘బాయిల్’, కోత వివరంలో ‘అబ్సెస్’ అని రాసినప్పుడు మంచి కోడరు ఊహించడు, డాక్టరుకు ప్రశ్న పంపుతాడు. జవాబు వచ్చేదాకా ఆ బిల్లు ఆగుతుంది. అలా సేకరించిన అంకెలతో సెగగడ్డలు పెరిగాయి, అబ్సెస్‌లు తగ్గాయి అని లెక్కలు తీస్తే, ఆ మార్పు రోగానిదా రాతదా అన్నది ఎవరూ చెప్పలేరు.

ఇంకా తేలనివి

ఐసీడీ-11 అంతర్జాతీయంగా 2022 జనవరి 1న అమల్లోకి వచ్చింది. అందులో సెగగడ్డ చర్మం అధ్యాయం నుంచి అంటురోగాల అధ్యాయానికి మారింది: ఫ్యూరంకుల్ 1బీ75.0, కార్బంకుల్ 1బీ75.1, చీముగడ్డ 1బీ75.3. చోటును మూలకోడ్‌లో ఇరికించకుండా అదనపు కోడ్‌గా తగిలించుకోవచ్చు. పేర్ల విభజన మాత్రం అలాగే ఉంది. 2024 జనవరి 10న ఢిల్లీలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆయుర్వేద, సిద్ధ, యునానీ నిర్ధారణల కోసం ఐసీడీ-11కు మరో భాగాన్ని విడుదల చేసింది. ఆయుర్వేదంలో పిడక, విద్రధి అంటూ తేల్చినదాన్నీ, ఎదురు గదిలో అబ్సెస్ అని రాసినదాన్నీ ఒకే రోగిగా ఎలా లెక్కపెట్టాలన్నది ఇక ముందు పని.

మన ఆస్పత్రుల రికార్డు గదుల్లో వాడుకలో ఉన్న ఐసీడీ-10 ప్రపంచ ఆరోగ్య సంస్థది. అందులో మొండెం మీది సెగగడ్డ, కార్బంకుల్, అబ్సెస్ మూడింటికీ కలిపి ఒకటే కోడ్, ఎల్02.2. అమెరికా ఆస్పత్రులైతే 1990లో ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించిన ఐసీడీ-10కి మారడానికి 25 ఏళ్లు తీసుకున్నాయి. కాబట్టి హైదరాబాద్ కోడరు అమెరికా రోగి వీపుకు ఆరక్షరాల కోడ్ వేస్తుంటే, అదే ఊళ్లో ఆస్పత్రి గుమాస్తా మన రోగి వీపుకు నాలుగక్షరాలతో సరిపెడుతున్న పరిస్థితి ఇంకొంతకాలం నడిచేలా ఉంది. రెండు పద్ధతుల్లోనూ గడ్డ ఎన్ని సెంటీమీటర్లో కావాలంటే డాక్టరు చేతిరాతనే వెతుక్కోవాలి.